ట్యాంకు మీదికి కనపడని పొగ

“గోనెసంచి సరిగ్గ కుక్కినవా?”

తలుపు అవతల నుంచి మా ఆయన వీరేశ్ అడుగుతున్నాడు. తెల్లారితే నా చెవిన పడే మొదటి మాట ఇదే. కుక్కాను మహానుభావా, కుక్కాను. కిటికీలో గోనెసంచి, తలుపు కింది సందులో తడిపిన పాత చీర. ఈ వెనక అర్రలో ఒకప్పుడు కంది బస్తాలు ఉండేవి. ఇప్పుడు కట్టెల పొయ్యి, పిండి పళ్లెం, నేను ఉన్నాం. కందికట్టె ముట్టించి గొట్టంతో ఊదితే పొగ పైన రేకుల దాకా లేచి, పోవడానికి సందు దొరక్క మళ్లీ నా నెత్తి మీదికే దిగుతుంది. కళ్లు మూసుకునే రొట్టె తడతాను. చేతులకు అలవాటైన పని కాబట్టి రొట్టె గుండ్రంగానే వస్తుంది. ఊపిరికి మాత్రం అలవాటు కావడం లేదు. రెండు రొట్టెలు కాలేసరికి దగ్గు మొదలవుతుంది. ఆ దగ్గు వీధిలోకి వినబడొద్దని కొంగు నోట్లో పెట్టుకుంటాను. ఎందుకంటే మాది పొగలేని ఊరు. ఆ ఊరికి సర్పంచిని నేనే.

నవ్వొస్తే నవ్వుకోండి, నాకైతే నవ్వితే దగ్గొస్తుంది. పోయిన ఎన్నికల్లో మా ఊరి సీటు ఆడవాళ్లకు వచ్చింది. ఆయన నిలబడాల్సిన చోట నన్ను నిలబెట్టారు. గెలిచిన రోజు దండలన్నీ ఆయన మెడలోనే పడ్డాయి. “నీకెందుకు గా పంచాయితీ లొల్లి? సంతకం పెట్టు చాలు, మిగిలింది నేను జూసుకుంట” అన్నాడు. చూసుకుంటున్నాడు. నాగల్‌గిద్ద దారిలో పక్కపక్కనే ఉన్న అయిదు పంచాయతీలు కలిసి ఒక కమిటీ పెట్టుకున్నాయి. గుట్ట కింద పడావు భూమిలో అయిదు ఊళ్లకూ కలిపి సోలార్ పలకలు పెట్టించాయి. ఇంటికో కరెంటు పొయ్యి పంచి, కట్టెల పొయ్యిలు పగలగొట్టించాయి. కట్టె కాల్చడం మానేస్తే గాలిలోకి పోయే కార్బన్ ఎంత తగ్గిందో లెక్కగట్టి, ఆ లెక్క బాగుంటే రెండో విడత పలకలు ఇస్తామని హైదరాబాద్ నుంచి వచ్చిన సంస్థ చెప్పింది. మంచి పని కాదని నేననను. వీధి దీపాలు వెలుగుతున్నాయి, బోరు మోటార్లు పగలంతా నడుస్తున్నాయి. పొయ్యి దగ్గర కూర్చునేవాళ్లను మాత్రం ఎవరూ ఒక్క మాట అడగలేదు.

అడిగి ఉంటే చెప్పేదాన్ని. కరెంటు పొయ్యి మీద అన్నం ఉడుకుతుంది, చాయ్ మరుగుతుంది, జొన్నరొట్టె మాత్రం కాదు. పెనం నడుమ మాడుతుంది, రొట్టె అంచులు పచ్చిగానే ఉంటాయి. అసలు పెనం మీద నుంచి తీసిన రొట్టెను నిప్పుల ముందు నిలబెడితేనే పొంగుతుంది. ఆ గాజు పలక మీద నిప్పులెక్కడివి? మొదటి రోజు ఆ రొట్టె తుంచి చూసి మా అత్త కిష్టవ్వ పళ్లెం ముందుకు నెట్టేసింది. ఆమెది కర్ణాటక వైపు ఊరు, కోపమొస్తే కన్నడం వస్తుంది. “ఇదేన్ రొట్టి? కుక్కకేసినా తినదు” అంది. గ్యాసు మీద చేస్తే గ్యాసు కంపట. కొడుకు తల్లిని మించినవాడు. పొద్దున చేనుకు పోయే ముందు పొంగిన రొట్టె, రాత్రికి పొంగిన రొట్టె, కూలీలొస్తే వాళ్లకూ రొట్టె. “ఊరికి చెప్పినోళ్ల ఇంట్ల నుంచే పొగొస్తే ఇజ్జత్ పోతది. వెనక అర్రల చెయ్యి, కిటికీ మూసుకో” అన్నాడు. ఊరిని ఒప్పించి పొయ్యిలు పగలగొట్టించిందీ ఆయనే, నన్ను అర్రలో పెట్టిందీ ఆయనే. ఒక్క నోటితో రెండు మాటలూ ఎట్లా వచ్చాయా అని అప్పట్లో ఆశ్చర్యపోయేదాన్ని. ఇప్పుడు ఆశ్చర్యపోయే ఓపిక కూడా లేదు.

ఇక తనిఖీ సంగతి. ఏ ఊరి తనిఖీ ఆ ఊరే చేసుకుంటే నమ్మకం ఉండదని, ఒక ఊరి కమిటీ వాళ్లు పక్క ఊరిని చూడాలని అయిదు పంచాయతీలూ కలిసి తీర్మానించాయి. చూడటమంటే ఇళ్లలోకి వస్తారనుకున్నాను నేను, పిచ్చిదాన్ని. తెల్లవారుతుండగా పక్క ఊరి నీళ్ల ట్యాంకు ఎక్కుతారు. పై నుంచి ఊళ్లోని కప్పులన్నీ కనబడతాయి కదా, ఎక్కడ పొగ లేస్తే ఆ ఇంటిని పట్టుకుంటారు. లేవకపోతే ఫోన్లో ఫోటో తీసుకుని, దిగి, చాయ్ తాగి పోతారు. ఎక్కేది మగవాళ్లే. ఆడవాళ్లు అంత ఎత్తు నిచ్చెన ఎక్కితే ఏం బాగుంటుందని కమిటీలో అన్నారట. అయినా ఆ వేళకు మాకు తీరిక ఎక్కడిది, అది ఊరంతా రొట్టెలయ్యే వేళ. మా ఆయన వంతు వచ్చినప్పుడు పక్క ఊరి ట్యాంకు ఎక్కి దిగొచ్చి, “ఒక్క పొగ లేదు, సాఫ్” అని చెప్పుకుని మురిసిపోతాడు. మురిసిపోయి వేడి రొట్టె అడుగుతాడు.

దగ్గు ముదిరి, బిందె ఎత్తితే కళ్లు తిరిగి పడిపోయేదాకా వచ్చాక నన్ను నారాయణఖేడ్‌లో దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టర్ నా వీపంతా విని, ఊపిరి పీల్పించి వదిలించి, పొగలో కూర్చుంటావా అమ్మా అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మా ఆయన అందుకున్నాడు. మాది పొగలేని ఊరు సార్, పేపర్లో కూడా వచ్చింది, కందులు తూర్పారబట్టిన దుమ్ము పడి ఉంటుంది అన్నాడు. డాక్టర్ ఆయన్ని చూడలేదు, నన్ను చూశాడు. దుమ్మో పొగో, ఇంకా ఇట్లాగే ఉంటే నీ ఊపిరితిత్తులు నీకు దక్కవు, ఎక్కువ కాలం బతకవు అని మొహం మీదే చెప్పేశాడు. నేను తల దించుకున్నాను. ఇంటి గుట్టు దవాఖానలో విప్పుతానా, పైగా సర్పంచిని. నోట్లో కొట్టుకునే మందు పంపు రాసిచ్చి పంపాడు.

ఆయన మందుల దుకాణానికి పోయినప్పుడు బెంచీ మీద నా పక్కన కూర్చున్నామె బుర్ఖా ముసుగెత్తి నన్ను చూసింది. సయీదా బేగం. పక్క ఊరామె, భర్త హఫీజ్ అక్కడి కమిటీలో మెంబరు. నాకు రాసిచ్చిన పంపే ఆమె చేతిలోనూ ఉంది. కాసేపు ఒకరి దగ్గు ఒకరం విన్నాం.

“ఏడ చేస్తున్నవ్ సర్పంచమ్మా?” అని మెల్లగా అడిగింది.

“వెనక అర్రల. నువ్వేడ ఆపా?” అన్నాను. వాళ్లల్లో అక్కను ఆపా అంటారు.

“బాత్రూంల. వెంటిలేటర్‌కు అట్ట కొట్టిండు మా ఆయన. మీ ఊరి ట్యాంకు ఎక్కేది గాయననే.”

మీ ఊరిది ఎక్కేది మా ఆయనే అన్నాను. ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వి నవ్వి, దగ్గి దగ్గి, ఆయాసంతో ఒకరి చెయ్యి ఒకరం పట్టుకున్నాం. నర్సు వచ్చి గదమాయించి పోయింది. ఈ అర్రలో నేను ఒక్కదాన్నే లేనని ఆ రోజే తెలిసింది. తెలిస్తే ధైర్యం వస్తుందంటారు, నాకైతే ఉన్న ధైర్యమూ పోయింది. ఇంకా ఎన్ని ఇళ్లలో ఎంతమంది తలుపులేసుకుని దగ్గుతున్నారో ఎవరు చెప్పాలి?

ఇంటికొచ్చి ఆయన్ని బతిమాలాను. కాళ్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. కిటికీ తెరవనివ్వు, లేదంటే గ్యాసు మీద రొట్టె తిను, అదీ కాదంటే మీ కమిటీలో చెప్పి రొట్టెకు పనికొచ్చే పొయ్యి అడుగు అన్నాను. “రెండో విడత అయ్యేదాక ఓపిక పట్టు. అయిదూర్ల పని నీ దగ్గుకు ఆపుతమా?” అన్నాడు. మా అత్త అన్నం పళ్లెం ముందు నుంచే, మేం పొగలో చెయ్యలేదా, మాకేమైందని దీర్ఘం తీసింది. చేసిన మాట నిజమే. కానీ వాకిట్లో, గాలికి కూర్చుని చేసింది. ఆ ముక్క చెప్పడానికి మధ్యలో రెండుసార్లు ఆగాల్సి వచ్చింది, అప్పటికే వాళ్లు వేరే మాటల్లో పడ్డారు. అప్పటి నుంచి రోజూ గుమ్మం దగ్గర నిలబడి, బావిలో మునిగేవాళ్లలా చాతనైనంత గాలి పీల్చుకుని అర్రలోకి పోతున్నాను. పడుకుంటే ఊపిరందదు, గోడకు ఆనుకుని కూర్చుంటాను. చస్తే పీడా పోతుంది అని ఎన్నిసార్లు అనుకున్నానో. కానీ చావాలని లేదు నాకు. చచ్చేంత తప్పు నేనేం చేశాను?

అంతలో అయిదు పంచాయతీల మీటింగు పెట్టారు. ఆడ సర్పంచులే స్వయంగా వచ్చి మాట్లాడాలని సంస్థ మేడం పట్టుబట్టిందట. నేను మాట్లాడాల్సింది ఆయన నాకు నేర్పడం మొదలుపెట్టిన వారంలోనే సయీదా ఆపా పోయింది. బాత్రూంలో పడి ఉంటే తలుపు విరగ్గొట్టి తీశారట. గుండెపోటు అన్నారు. నేనూ మా ఆయనా వాళ్లింటికి వెళ్లాం. ఏడుస్తున్న ఆడవాళ్ల మధ్య ఆమె కోడలు మిస్బా నా చెవి దగ్గరికి వంగి, “పెనం మీద రొట్టె బొగ్గయింది, అమ్మీ లేవలే” అంది. ఎవరికీ చెప్పొద్దని మామ తనతో ఒట్టు వేయించుకున్నాడని, తన పేరు ఎక్కడా తేవొద్దని నన్ను బతిమాలింది. బయట గోడ వారన హఫీజ్ ఏడుస్తున్నాడు. దొంగ ఏడుపు కాదు, నిజంగానే కుమిలిపోతున్నాడు. ఏడుపు మధ్యలోనే, రేపు తన బదులు ట్యాంకు ఎవరు ఎక్కాలో మా ఆయనతో మాట్లాడుతున్నాడు. తిరుగుదారిలో బండి వెనక కూర్చుని, ఇక తర్వాతి గుండెపోటు నాదే అనుకున్నాను. మర్నాడు పొద్దున కూడా రొట్టెలు చేశాను.

మీటింగు నారాయణఖేడ్‌లో ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. వేదిక మీద అయిదుగురు సర్పంచులం, అందులో ముగ్గురం ఆడవాళ్లం. మా మొగుళ్లు ముందు వరుసలో కూర్చున్నారు. తెర మీద ట్యాంకుల నుంచి తీసిన ఫోటోలు చూపించారు. తెల్లవారే ఆకాశం, కింద ఇళ్ల కప్పులు, ఎక్కడా పొగ జాడ లేదు. చూడ్డానికి ఎంత బాగుందో! చప్పట్లు మోగాయి. వచ్చే నెల నుంచి సిర్గాపూర్ వైపు ఊళ్లు కూడా మనతో కలుస్తాయి, తనిఖీకి ఇదే పద్ధతి పెడతాయి అని ప్రకటించారు. అక్కడి ఆడవాళ్లు ఈ పొద్దు వాకిట్లో రొట్టెలు చేసుకుని ఉంటారు. మైకు నాకిచ్చారు. మా అయిదు ఊళ్లల్ల పొగ లేదు అని మొదలుపెట్టాలి. మా అయిదు ఊళ్లల్ల అనగానే దగ్గు తెర వచ్చింది. ఎవరో నీళ్లిచ్చారు, అందరూ ఓపిగ్గా ఆగారు. ముందు వరుసలో ఆయన పెదాలు కదిలిస్తూ నాకు తర్వాతి మాట అందిస్తున్నాడు.

“పొగుంది,” అన్నాను. “ట్యాంకు మీదికి కనపడది. మేం అర్రలు మూసుకొని చేస్తున్నం. మా ఇంట్ల నేను చేస్తున్న. సయీదా ఆపా బాత్రూంల చేస్తుండె, నాతోని ఆమెనే చెప్పింది. ఆమెది గుండెపోటు కాదు.”

హఫీజ్ లేచి నిలబడ్డాడు, మళ్లీ కూర్చున్నాడు. మా ఆయన ఒక్క ఊపులో వేదికెక్కి మైకు గుంజుకుని, ఆమెకు పాణం బాగలేదు మేడం, మందుల మీదుంది అని నవ్వబోయాడు. ఈ ఒక్క ఆడదానితో అయిదు ఊళ్లు మునుగుతాయని వెనక నుంచి ఎవరో అరిచారు. నా పక్కన కూర్చున్న ఆడ సర్పంచి వైపు చూశాను. ఆమె తలెత్తలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతోంది.

మేడం చెడ్డది కాదు. ఆమె మొహం పాలిపోయింది. నా దగ్గరికి వచ్చి వంగి, ఎవరికీ వినబడకుండా చెప్పింది. నువ్వన్నది నేను రాసుకుంటే లెక్కలన్నీ తప్పని తేలుతుంది, రెండో విడత అయిదు ఊళ్లకూ ఆగిపోతుంది, ఆ ఊళ్లోనే నువ్వు బతకాలి, ఆ ఇంటికే పోవాలి, ఇవాళ్టికి ఆలోచించుకుని రేపు ఫోన్ చెయ్యమ్మా అంది. ఇంటికి పోతే ఏమవుతుందో ఆమె కంటే నాకే బాగా తెలుసు. మా ఆయన చెయ్యి అప్పటికే నా భుజం మీద పడి బిగుసుకుంది. రేపు అంటే మళ్లీ తెల్లారుతుంది, మళ్లీ పొయ్యి ముట్టించాలి.

“ఆలోచించుకునేటంత ఊపిరి నాకు లేదు మేడం,” అన్నాను. “రాసుకోండ్రి.”