నాకు కట్టిన బంతిపూల దండ

గోదారి పొంగి రైలుకట్ట అంచు తాకిన ఏడు అది.

నేను ఒక ఇనుప మీటను. ఇప్పుడు మ్యూజియంలో తాడు వెనక ఉన్నాను గానీ, అప్పట్లో మూడు సిలిండర్ల ఆవిరి ఇంజిను ముందు భాగాన అడ్డంగా ఉండేదాన్ని. సిలిండర్లకు ఆవిరి వదిలే కుడి ఎడమ వాల్వులకు చక్రాల దగ్గర్నుంచి కడ్డీలున్నాయి. నడిమి వాల్వుకు లేవు, చోటు చాలలేదు. ఆ రెండింటి ఊపూ కలిపి, నేనూ నా కొసకు తగిలించిన పొట్టి తమ్ముడూ దానికి అందించాలి. మేం తడబడితే నడిమి సిలిండరుకు ఆవిరి వేళకు అందదు.

కొలిమిలో కాల్చి, సుత్తి కింద సాగదీసి, ఓడెక్కించి పంపారు నన్ను. ఎందరో డ్రైవర్లను చూశాను. బొట్టు పెట్టనివాళ్లు లేరు. నూనె పోసినవాళ్లే తక్కువ.

ఆ వరద రోజు మధ్యాహ్నం కబురొచ్చింది. వంతెన అవతల కొండగుంట స్టేషను కట్ట మీద జనం చిక్కుకున్నారట. వాళ్లలో మా ఫైర్‌మన్ నూకరాజు భార్య సత్తెమ్మ ఉంది, నెలలు నిండిన మనిషి. నీళ్లు గర్డర్లను తాకితే వంతెన మూసేస్తారు. ఖాళీ పెట్టెలు తగిలించి మమ్మల్ని తోలారు.

బయలుదేరే ముందు నూకరాజు కొబ్బరికాయ కొట్టి, బంతిపూల దండ తెచ్చాడు. గాలికి ఎగిరిపోకుండా సన్నటి ఇనుప తీగతో కట్టాడు. దేనికి? నాకే! కదిలేదేదో కదలనిదేదో చూసుకోవద్దూ? భక్తి ముందు అదెవరికి గుర్తుంటుంది!

అబ్బ, ఏం పరుగది! చక్రం ఒక్క చుట్టు తిరిగితే పొగగొట్టంలో ఆరు ఆవిరి దెబ్బలు, డప్పు వాయించినట్టు. ఇంతలో పూలన్నీ రాలిపోయి, తీగ నేను ఆడే ఇరుసు పిన్ను సందులో దూరి బిగిసింది. ఆరింటిలో రెండు దెబ్బలు తాళం తప్పాయి.

డ్రైవరు సాల్మన్ చెవి రిక్కించాడు. "ఒరే నూకరాజూ, ఇంజిను కుంటతందిరా! వినబడట్లేదా?"

"నా గుండె చప్పుడు తప్ప ఏదీ వినబడట్లేదండి గురువుగారూ! ఆపకండి, మీ కాళ్లకి దణ్ణం."

"ఆపకపోతే మీట విరిగి నడి వంతెన మీద కూలబడతాం. అప్పుడు మీ ఆవిణ్ణి ఈదుకెళ్లి తెస్తావేంట్రా?"

వంతెన మొదట్లో ఆపారు. నూకరాజు ముందుకు పరిగెత్తుకొచ్చి నన్ను చూశాడు. బిగిసిన తీగ కొస పట్టుకున్నాడు.

"నేను కట్టిందేనండీ!"

"కట్టినోడివి నువ్వే విప్పు. ఏడుపు తర్వాత!"

పటకారుతో లాగాడు, తెగలేదు. వేళ్లతో పీకాడు. కాగిపోయిన పిన్ను వేళ్ల చర్మం ఊడదీసినా అతను వదల్లేదు. చివరికి తీగ ఊడొచ్చింది. సందులో నూనె పోశాడు. హమ్మయ్య, ప్రాణం లేచొచ్చింది నాకు!

మళ్లీ ఆరు దెబ్బలు! గర్డర్ల కింద జానెడు సందు, ఆ కింద ఎర్రటి నీళ్లు. దాటాం. తడిసి ముద్దయిన జనాన్ని ఎక్కించుకుని అదే వంతెన మీద తిరిగొచ్చాం. మా చివరి పెట్టె ఇవతలికి రాగానే వంతెన మూసేశారు. బండి ఆగీ ఆగకముందే పెట్టెలోంచి ఒక ముసలమ్మ కేక వేసింది.

"ఒరే నూకరాజూ, ఆడపిల్లరా!"

మర్నాడు పొద్దున్నే నూకరాజు చేతికి కట్టుతో వచ్చాడు. రెండో చేతిలో మళ్లీ బంతిపూల దండ! నాకు వణుకు పుట్టింది. అతను నా వైపు చూసి నవ్వి, దండను పైన దీపం కొక్కేనికి తగిలించాడు. తర్వాత నా ముందు గొంతుక్కూర్చుని, పిన్ను పిన్నుకూ నూనె పోశాడు.