చింతపండుతో కడిగిన నాణెం

స్నేహితురాలు రేష్మ వాళ్ళ పెరట్లో మెటల్ డిటెక్టర్ కుయ్యిమనగానే శ్రీవిద్యకి ప్రాణం లేచొచ్చింది. పాప దిద్దే అనుకుంది. కిందటి ఆదివారం అక్కడే, పుట్టినరోజు ఆటల్లో, నాలుగేళ్ళ కూతురు నైనిక చెవి దిద్దు ఒకటి పడిపోయింది. "పిల్ల చెవులు కూడా చూసుకోలేవా?" అని భర్త అవినాష్ కారు పార్సిప్పనీలో ఇల్లు చేరేదాకా సాధించాడు. అందుకే, అతను సేల్‌లో కొని రెండుసార్లు వాడి క్లోజెట్‌లో పడేసిన ఆ యంత్రాన్ని మోసుకొచ్చి గడ్డంతా అంగుళం వదలకుండా తిప్పింది.

జానెడు లోతు తవ్వితే వచ్చింది దిద్దు కాదు. పచ్చగా చిలుము పట్టిన బిళ్ళ.

"నాకెందుకది, నువ్వే తీసుకుపో విద్యా" అంది రేష్మ.

ఇంటికి తెచ్చి చూపిస్తే అవినాష్ ల్యాప్‌టాప్ మీంచి తలెత్తకుండానే తేల్చేశాడు. "బొత్తాం. పారెయ్."

పారెయ్యబుద్ధి కాలేదు. బల్లమీద పెట్టి ఇటు తిరిగేసరికి నైనిక దాన్ని నోటిదాకా తీసుకుపోయింది. శ్రీవిద్య లాక్కుంది. చిలుము విషమని చిన్నప్పటినుంచీ విన్నమాట. పాప చేత మూడుసార్లు పుక్కిలింపించింది, నాలుక చూసింది, పిల్లల డాక్టరు ఆఫీసుకి ఫోన్ చేసింది. ఏం కాదని నర్సు చెప్పినా సాయంత్రం దాకా పిల్ల పొట్ట తడుముతూనే ఉంది.

ఇక ఆ బిళ్ళని ఏం చెయ్యాలో ఆమెకు ఒకరు చెప్పాలా? పూజ సామాను తోమినట్టే. నిమ్మకాయంత చింతపండు నానబెట్టి, ఉప్పు కలిపి, స్టీలు పీచుతో చెయ్యి నొప్పెట్టేలా తోమింది. పచ్చనీళ్ళు, నల్లనీళ్ళు పోయి బిళ్ళ కొత్త రాగిచెంబులా తళతళలాడింది. దానిమీద ఒకవైపు డాలు, ఇంకోవైపు గుర్రం తల తేలాయి. అంచు వెంబడి అక్షరాలు, సగం అరిగిపోయి.

"ఏమండీ, ఇది నాణెం! గుర్రం చూడండి. కింద నాగలి."

"గన్ అయ్యుంటుంది."

"గన్‌కి మేడి ఉంటుందా? నాగలే."

"అమెరికా డబ్బులమీద నాగలేంటి విద్యా, మీ ఊరనుకున్నావా?" అని నవ్వి కాల్‌లోకి వెళ్ళిపోయాడు.

ఆ నవ్వే పట్టుదల పెంచింది. ఫోన్‌లో ఫొటో పెట్టి వెతికితే ఒకసారి ఆట బిళ్ళ అంది, ఇంకోసారి రోమన్ నాణెం అంది. పాప బొమ్మల పుస్తకం చివరిపేజీలో అక్షరాలన్నీ రాసుకుంది. కనబడనివాటికి చుక్కలు పెట్టింది. N, O, V, A, తర్వాత C, ఆ తర్వాతన్నీ చుక్కలే. ఆఖరికి దారి చూపించింది ఒక జెండా. బుధవారం పాపని కథల క్లాసుకి తీసుకెళ్తుంటే లైబ్రరీ ముందు పసుప్పచ్చ జెండా ఒకటి విప్పారింది. దానిమీద గుర్రం తల, డాలు, డాలులో మూడు నాగళ్ళు! అంతలోనే గాలి ఆగి జెండా ముడుచుకుపోయింది. మళ్ళీ గాలి వచ్చేదాకా పాప చెయ్యి పట్టుకుని పేవ్‌మెంట్ మీద అలాగే నిలబడింది.

"మా న్యూజెర్సీ రాష్ట్రం జెండా కదా అది" అంది లోపలున్న లైబ్రేరియన్, ఈమె ఆత్రం చూసి. పుస్తకాలు తెచ్చిచ్చింది. డిగ్రీ రెండో ఏడాదిలో ఆగిపోయిన చదువు శ్రీవిద్యది. వీసా ఇంటర్వ్యూకి తేదీ దొరికిందని పరీక్షలకి ముందే అవినాష్ ఆపించి తీసుకొచ్చాడు. పేజీకి పది మాటలు ఫోన్‌లో అర్థం చూసుకుంటూ మూడు వారాలు చదివింది. నోవా సీజరియా అంటే లాటిన్‌లో న్యూజెర్సీయే. ఈ దేశానికి మొదటి ప్రెసిడెంట్ రాకముందు, 1787లో ఈ రాష్ట్రం వేసుకున్న రాగి నాణెం అది. కొన్ని పక్కనున్న మోరిస్‌టౌన్‌లోనే అచ్చు వేశారట.

లైబ్రరీలో నాణేల క్లబ్బు నెలకోసారి కూడుతుంది. ఆ నెలలో మట్టిలో దొరికిన పాత వస్తువుల్లో మంచిదాన్ని ఎంచి, వాకిట్లో ఉన్న అద్దాలపెట్టెలో పెడతారు. పక్కనే కార్డు మీద, దొరకబుచ్చుకున్నవాళ్ళ పేరు. ఆ మాట విన్నప్పటినుంచీ శ్రీవిద్యకి మరో ఆలోచన లేదు. ఇంటి లీజు అవినాష్ పేరు మీద, కారు అతని పేరు మీద, ఫోను అతని ప్లాన్‌లో. వీసా కాగితాల్లో ఆమె డిపెండెంట్. ఒక్క నెల, అద్దం వెనక, తన పేరు. పాపకి వేలుపెట్టి చూపించాలి.

ఈ సంగతంతా చెప్పినరోజు అవినాష్ మొదటిసారి ల్యాప్‌టాప్ మూశాడు. నాణేన్ని వెలుగులో పెట్టి ఫొటో తీశాడు. అరగంటలో ఫ్రెండ్స్ గ్రూప్‌లో పెట్టేశాడు, "నా డిటెక్టర్‌తో 1787 నాణెం కనిపెట్టా" అని. రేష్మ భర్త కౌస్తుభ్ కిందనే, "మా బ్యాక్‌యార్డ్‌రా బాబూ, నాకూ వాటా!" అన్నాడు.

శనివారం క్లబ్బుకి కౌస్తుభ్ కూడా వచ్చాడు. కారు దిగేముందు అవినాష్ క్లబ్బు ఫారం నింపుతుంటే వెనకసీట్లోంచి చూసింది. దొరకబుచ్చుకున్న వ్యక్తి అన్నచోట అతని పేరు.

"అదేంటండీ?"

"డిటెక్టర్ నాదేగా. అయినా ఎవరి పేరైతే ఏంటి? మనం ఇద్దరం వేరా?"

శ్రీవిద్య పాపని ఎత్తుకుని కారు దిగింది. లోపలికి వెళ్ళాక తనే నోరు తెరిచి చెప్పాలని, "ఐ ఫౌండ్ ఇట్" అన్న మూడు మాటలూ పెదాల్లోనే తిప్పుకుంటూ నడిచింది.

క్లబ్బు పెద్దాయన పేరు గ్రెగ్. కంటికి భూతద్దం పెట్టుకుని నాణేన్ని చాలాసేపు తిప్పాడు. "నోవా సీజరియా. అనుమానం లేదు" అన్నాడు. అవినాష్ ఛాతీ విరుచుకున్నాడు. గ్రెగ్ భూతద్దం తీసి, మెత్తగా అడిగాడు. "దీన్ని కడిగిందెవరు?"

అవినాష్ ఆమెవైపు చూశాడు. కౌస్తుభ్ కూడా చూశాడు.

"ఐ క్లీన్డ్ ఇట్" అంది శ్రీవిద్య. చింతపండు సంగతీ చెప్పింది.

మట్టిలో అన్నేళ్ళుంటే రాగికి ఒక చర్మం పడుతుందనీ, నాణేలవాళ్ళు చూసేది దాన్నేననీ, అది ఒకసారి పోతే మళ్ళీ రాదనీ ముసలాయన చెప్పాడు. పీచు గీతలు భూతద్దంలో చూపించాడు కూడా. గుర్రం మెడమీద గోళ్ళతో గీరినట్టున్నాయి.

"చింతపండేమైనా మిగిలిందా వదినా, పులిహోర కలుపుకుందాం" అన్నాడు కౌస్తుభ్.

"డిగ్రీ మధ్యలో ఆగిపోయిందిరా. కెమిస్ట్రీ అక్కడిదాకా రాలేదు" అన్నాడు అవినాష్. ఇద్దరూ నవ్వారు. గ్రెగ్‌కి అర్థం కాకపోయినా మర్యాదకి నవ్వాడు. ఆపించిందెవరో నవ్వుతున్నవాడికి తెలుసు.

అద్దాలపెట్టెకి ఇంకెవరో తెచ్చిన తాళంచెవిని ఎంచారు. దానికింకా మట్టి అంటుకునే ఉంది.

అయినా రిజిస్టర్‌లో ఎక్కించుకుంటానని గ్రెగ్ ఫారం అడిగాడు. అవినాష్ జేబులోంచి తీసి, ఒక్క క్షణం చూసుకుని, తన పేరుమీద రెండు అడ్డగీతలు కొట్టాడు. పైన శ్రీవిద్య అని చక్కగా రాశాడు. గ్రెగ్ దానికింద, స్థితి అన్న గడిలో, గట్టిగా తోమినది అని రాసుకున్నాడు.

"కడక్కపోతే అది మీ బొత్తామే కదండీ" అంది శ్రీవిద్య. "అక్షరం కనబడేదా?"

"ఇప్పుడు ఇక్కడ సీన్ చెయ్యకు. నీ పేరే రాశాగా."

ఫారంలో కింద, నాణెం ఏదో గుర్తించిన వ్యక్తి అన్న గడి ఖాళీగా ఉంది. ఎవరూ దాన్ని చూసుకోలేదు. ఆమె అతని చేతిలోంచి పెన్ను లాక్కుని, పాపని చంకన సర్దుకుని, అక్కడ తన పేరు రాసింది.

"మళ్ళీ ఎందుకు? పైన ఉందిగా" అన్నాడు అవినాష్.

"పైన రాసింది మీరు" అంది.