తెర మీది ఏరు

ఆట అయిన తెల్లారి కొమురెల్లికి ఒకటే పని. నాటకం తెరను ఎండకు వేయడం.

పెద్దపల్లిలో రైలు కట్టకు ఇవతల ఒక రైస్ మిల్లు ఉండేది. దాని తూర్పు గోడ పొడుగ్గా, నున్నగా ఉండి, పొద్దు పొడవగానే ఎండ తగిలేది. కొమురెల్లి చుట్టిన తెరను భుజాన వేసుకొని, బజారంతా నీళ్ళు కార్చుకుంటూ వచ్చి ఆ గోడ మేకులకు తగిలించేవాడు. పన్నెండు మూరల వెడల్పు, ఎనిమిది మూరల ఎత్తు. దాని మీద రంగులతో వేసిన ఒక ఏరు. ఇవతలి ఒడ్డున రెండు తుమ్మచెట్లు, అవతలి ఒడ్డున రాజుగారి మేడ. మిగిలిందంతా నీళ్ళే.

ఏరున్న తెర కనుక తడిసేది. ఎంత తడిసిందన్నదే ఊరికి కావలసిన సంగతి. మిల్లుకు వడ్లు తెచ్చిన రైతులు బండి దిగకుండానే గోడ వైపు చూసి, నిన్నటి ఆటలో రాణి ఎట్లా పాడిందో చెప్పేవారు. అంచు మాత్రమే తడిస్తే "గొంతు బాగలేనట్టున్నది" అనుకునేవారు. మధ్యాహ్నం దాకా చుక్కలు కారుతుంటే "అయ్యో, మనం పోకపోతిమి" అని బాధపడేవారు.

ఇక్కడ నాటకం సంగతి కొంచెం చెప్పాలి. లేకపోతే తరువాతిది అర్థం కాదు. లక్ష్మీరాజం కంపెనీ ఆడేది ఒక్కటే నాటకం, పగడాల రాణి. లక్ష్మీరాజం కంపెనీ యజమాని, హార్మోనియం వాయించేదీ ఆయనే. కథ చిన్నది. రాజు ఏరు దాటి అవతలి మేడకు పోతాడు. పడవ పంపిస్తానంటాడు, పంపించడు. రాణి ఇవతలి ఒడ్డున ఏడేళ్ళు చూసి చూసి, చివరికి ఏటితోనే మాట్లాడుతూ "ఏటి తల్లీ" అని ఒక పాట పాడి, నీళ్ళలోకి నడిచి మునిగిపోతుంది. పాటకు నాలుగే చరణాలు. పాట ఎవరు పాడినా అదే, మాటలు అవే. పాడిన మనిషిని బట్టి ఏరు వేరుగా ఉండేది.

పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు మొదలుపెట్టి తొమ్మిదేళ్ళు కమలవ్వ రాణి వేషం కట్టింది. పెద్ద విగ్రహం, పెద్ద గొంతు. ఒడ్డున నిలబడి చెయ్యి చాపి "ఏటి తల్లీ" అన్న మొదటి పిలుపునే పావుగంట సాగదీసేది. ఆ రాగం నడుస్తుంటే తెర కింది నుంచి నీళ్ళు పొంగి ముందు వరుస దాకా వచ్చేవి. తెలిసినవాళ్ళు చెప్పులు ముందే ఒడిలో పెట్టుకునేవారు. తెలియనివాళ్ళ చెప్పులు కొట్టుకుపోయేవి. జనం వన్స్ మోర్ అంటే, మునిగిన కమలవ్వ చీర పిండుకుంటూ లేచి వచ్చి, మళ్ళీ పాడి, మళ్ళీ మునిగేది. ఒక ఏడు కొండగట్టు జాతరలో నాలుగుసార్లు మునిగింది. నాలుగోసారి "ఇగ చాలు నాయనా, చలిపెడుతున్నది" అని అదే రాగంలో పాడింది. జనం దానికి కూడా వన్స్ మోర్ అన్నారు.

కమలవ్వ గొంతు జీరబోయాక గౌహర్ వచ్చింది. ఇంట్లో దక్కనీ మాట్లాడే పిల్ల, బక్కపలచని మనిషి. ఆమె చెయ్యి చాపేది కాదు. జనానికి సగం వీపు పెట్టి, ఏటి వైపు తిరిగి కూర్చొని, పక్కింటామెకు కష్టం చెప్పుకున్నట్టు పాడేది. వెనక వరుసలకు సగం మాటలు వినిపించేవి కావు. అందుకే ఎవరూ దగ్గేవారు కాదు. ఏరు పొంగేది కాదు కాని, తెర మీద సన్నని ధారలు జారేవి. తెల్లారి ఎండలో ఆ ధారలు ఆరినచోట తెల్లని చారలు మిగిలేవి. బజారు ఆడవాళ్ళు వేలితో తీసి నాలుకకు రాసుకొని "ఉప్పగనే ఉన్నది" అనేవారు. గౌహర్‌ను వన్స్ మోర్ అడిగితే లేచేది కాదు. ఒకసారి తెర వెనక నుంచే అంది. "సచ్చినోల్లను ఎన్నిసార్లు సంపుతరు భాయ్? ఇండ్లకు పోండ్రి."

ఇద్దరిలో ఎవరు గొప్ప అన్న వాదం నజీరుద్దీన్ చాయ్ హోటల్లో ఏళ్ళ తరబడి నడిచింది.

"కమలవ్వ పాడితే తెర రెండు దినాలు ఆరకపోయేది. గంతకంటె ఏం గావాలె?" అనేవాడు హనుమండ్లు. రాజు వేషం ఆయనదే.

"నీల్లు ఎన్నుంటే ఏంది హనుమండ్లూ? బాయిల గూడ ఉంటయి. గౌహర్ నీల్లల్ల ఉప్పుండె," అనేవాడు నజీరుద్దీన్ చాయ్ వడపోస్తూ.

"మీ గల్లీ పిల్ల గద, గట్లనే అంటవ్."

"నువ్వు నీ పెండ్లాం దిక్కు మాట్లాడుతలేవా?"

"ఇద్దరు గూడ నా పెండ్లాలే, నాటకంల. ఇద్దరిని ఏడేడేండ్లు ఏటి ఒడ్డున నిలవెట్టిన పాపం నాదే," అనేవాడు హనుమండ్లు. బల్లల మీద కూర్చున్నవాళ్ళు నవ్వేవారు.

తీర్పు చెప్పమని కొమురెల్లిని అడిగితే, సాసర్‌లో చాయ్ పోసుకొని చాలాసేపు ఊదేవాడు. "బరువంటే కమలవ్వ తెరనే బరువు. గౌహర్ తెర తేలిక. గాని దాన్ని మోసిననాడు నాకు బువ్వ సయించకపోయేది."

గౌహర్ పెండ్లి చేసుకొని, ఆదిలాబాద్‌లో కట్టె డిపోలో పనిచేసే భర్తతో వెళ్ళిపోయింది. అప్పుడు మూడో రాణి కావలసి వచ్చింది.

కమలవ్వ ఉండే గల్లీలో ఇంటింటా బీడీలు చుట్టేవారు. అక్కడ బాలలక్ష్మి అనే పంతొమ్మిదేళ్ళ పిల్ల, ఒళ్ళో చాట పెట్టుకొని తునికాకు కత్తిరిస్తూ పాడేది. కమలవ్వ గోడకు ఆనుకొని పది రోజులు విని, పదకొండో రోజు పిలిచి, ఏడాది పాటు పాట నేర్పింది. తీసుకుపోయి లక్ష్మీరాజం ముందు నిలబెట్టింది.

"రాజం బావా, పిల్ల గొంతు మంచిది. తంబాకు దుమ్ము ఇంకొక్క ఏడు మింగిందంటే నా గొంతు తీరే అయితది. అప్పుడు ఎవ్వలకు పనికిరాదు."

"మూడాటలు చూస్త," అన్నాడు లక్ష్మీరాజం. "తెర తడిసిందా, వేషం ఆమెదే. తడవలేదా, జమ్మికుంటల ఒకామె ఉన్నది. కార్డు రాసి పెట్టుకున్న. మూడో ఆట అయినంక పోస్టు డబ్బాల వేస్త."

మొదటి ఆట పెద్దపల్లి మిల్లు ఆవరణలోనే. బాలలక్ష్మి రాగం సాగదీయలేదు, కూర్చోనూ లేదు. చేతి వేగానికి పాట పాడుకునే అలవాటు కదా, ఒక్కొక్క మాటను తెంపి నేరుగా ఏటి ముఖం మీద చెప్పింది. ముందు వరుసవాళ్ళు ఒడిలో చెప్పులు పట్టుకొని ఎదురు చూశారు. ఏమీ రాలేదు. నాటకం పుస్తకంలో ఉన్నట్టు బాలలక్ష్మి పొడి నేల మీదనే మునిగింది.

తెల్లారి కొమురెల్లి అలవాటు కొద్దీ పొడి తెరనే గోడకు వేశాడు. బండ్ల మీద వచ్చిన రైతులు ఆగి చూశారు.

"గిదేంది కొమురెల్లీ, నిన్న ఆట కాలేదా?"

"అయ్యింది."

"మరి రాణి రాలేదా?"

కొమురెల్లి తెరను దింపి మడిచాడు. మడత నుంచి గుప్పెడు ఇసుక రాలింది. ఆవరణలోని మన్ను కాదు, సన్నని తెల్లని ఇసుక. ఆయన దాన్ని కండువా కొసలో ముడివేసుకున్నాడు.

లక్ష్మీరాజం బాలలక్ష్మిని పిలిచి మెత్తగానే చెప్పాడు. "కమలవ్వ లెక్క రాగం గుంజు బిడ్డా. గౌహర్ లెక్క ఏడ్వు. రెండు గలుపు. గంతే, ఫికర్ చెయ్యకు."

రెండో ఆట కొండగట్టు కింద. బాలలక్ష్మి మొదటి రెండు చరణాలు కమలవ్వలా చెయ్యి చాపి పాడింది, తరువాతి రెండు గౌహర్‌లా కూర్చొని పాడింది. తెర నడుమ అరచేయంత తడి కనబడింది.

"కప్ప ఉచ్చ పోసినట్టున్నది!" అన్నాడెవడో. పందిరంతా నవ్వింది.

మర్నాడు బాలలక్ష్మి పగడాల దండ తీసి వేషాల పెట్టెలో పెట్టింది. "పెద్దవ్వా, నేను ఇంటికి పోత. మూడో ఆటకు హుస్నాబాద్ దాంక ఎందుకు? సోమవారం నుంచి ఆకు కత్తిరిస్త."

కమలవ్వ ఏదో అనబోయేలోగా కొమురెల్లి వచ్చి కండువా ముడి విప్పాడు. "కమలవ్వా, పెద్దపల్లి ఆటకు తెరల నుంచి గిది రాలింది. నిన్న పాడితే రాలలే. నాకేం సమజ్ అయితలేదు."

కమలవ్వ ఇసుకను వేళ్ళ మధ్య నలిపి చూసింది. వాసన చూసింది. "ఏటి ఇసుకే," అంది. బాలలక్ష్మి వైపు తిరిగింది.

"పెద్దపల్లిల పాడేటప్పుడు ఏటిని ఏమడిగినవే?"

"ఏమడుగుత పెద్దవ్వా? పాటల ఉన్నదే పాడిన."

"మనసుల ఏమనుకున్నవ్?"

బాలలక్ష్మి సిగ్గుపడింది. "జర పక్కకు జరుగు, నాకు అవుతలికి పోయేదున్నది అన్న."

"మునుగుత అనుకోలేదా?"

"నాకు మునుగబుద్ధి గాలే."

కమలవ్వకు నవ్వు వచ్చి, నవ్వు దగ్గయి, దగ్గు తగ్గడానికి కొంతసేపు పట్టింది. "నేను రా అన్న, వచ్చింది. గౌహర్ నాతోని ఏడ్వు అన్నది, ఏడ్చింది. నువ్వు జరుగు అన్నవ్. అది జరిగింది. మేమందరం నీల్ల కోసం చూస్తిమి, ఇసుకను ఎవ్వలు చూడలే. హుస్నాబాద్‌ల నీ తీరే పాడు. నవ్వితే నవ్వనీ, ఆపకు."

"గప్పుడు గూడ కాకుంటే?"

"కాకుంటే బీడీలే. నీకు తెల్వదా?"

బాలలక్ష్మి పెట్టె తెరిచి దండ మళ్ళీ తీసుకుంది.

హుస్నాబాద్‌లో అంగడినాడు పగటాట పెట్టారు. చుట్టు ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు పొద్దుండగానే ఇండ్లకు చేరాలి కనుక. పందిరి సందుల్లోంచి ఎండ పడుతోంది. మేకలు అమ్ముకోవడానికి వచ్చినవాళ్ళు మేకలతోనే కూర్చున్నారు.

బాలలక్ష్మి ఏటికి ఎదురుగా నిలబడి మొదలుపెట్టింది. మొదటి చరణానికి ఒడ్డు వెంట తడి గీత కనబడింది. నీళ్ళు అంతకు ముందు ఎంత దాకా ఉన్నాయో చెప్పే గీత. రెండో చరణానికి ఇసుక బయటపడింది. మూడో చరణానికి నడిమధ్యన నున్నని రాళ్ళు, ఒక తాటిమట్ట, పాత చెప్పులు నాలుగైదు కనిపించాయి.

"ఆ ఎడమకాలు చెప్పు నాది!" అన్నాడు ఒక ముసలాయన. "కొండగట్టు జాతరల పోయింది!"

నాలుగో చరణానికి మిగిలిన ఒక్క పాయ కూడా, ఆవు దారి ఇచ్చినట్టు, పక్కకు జరిగింది. పాట అయిపోయింది. ఇప్పుడు మునగాలి. మునగడానికి నీళ్ళు లేవు. లక్ష్మీరాజం వేళ్ళు హార్మోనియం మెట్ల మీద ఆగిపోయాయి. బాలలక్ష్మి కుచ్చిళ్ళు కొంచెం పైకి పట్టుకొని ఇసుకలోకి దిగింది.

"వన్స్ మోర్!" అని అరిచాడొకడు.

"నోర్మూయ్," అంది పక్కనున్నామె. "ముందుగల దాటనీ."

బాలలక్ష్మి నడిచింది. నడిచేకొద్దీ చిన్నగా కనబడింది. అవతలి ఒడ్డెక్కి మేడ మెట్ల మీద నిలబడింది. అక్కడ రాజు లేడు. ఎట్లా ఉంటాడు? రాణి మునిగాక రాజుకు పని ఉండదు. హనుమండ్లు తెర వెనక సగం ముఖం కడుక్కొని, జొన్నరొట్టె తింటున్నాడు.

"హనుమండ్లూ! కిరీటం!" అని లక్ష్మీరాజం కేక వేశాడు.

హనుమండ్లు ఒక వైపే మీసంతో, కిరీటం వంకరగా పెట్టుకొని, మేడ తలుపు తెరుచుకొని బయటికి వచ్చాడు. ఎదురుగా రాణి. ఆయన లక్ష్మీరాజం వైపు చూశాడు. లక్ష్మీరాజం పుస్తకం పేజీలు తిప్పి చేతులు చూపించాడు. ఆ తరువాత పుస్తకంలో ఏమీ లేదు.

"ఎందుకు రాలే?" అని అడిగింది బాలలక్ష్మి. రాగం లేదు, మామూలు మాట. అయినా వెనక మేకల దాకా వినిపించింది.

"పడవ... పడవ లేకుండె," అన్నాడు హనుమండ్లు.

"నేను నడిచొచ్చిన."

ఆడవాళ్ళ వైపు నుంచి ఒక గొంతు లేచింది. "అడుగు బిడ్డా, ఇంకా అడుగు!"

"ఏడేండ్లు. ఒక్క మనిషినన్న పంపకపోతివి."

హనుమండ్లు కిరీటం తీసి మెట్టు మీద పెట్టాడు. "నాకేం తెల్వది," అన్నాడు. "ఇన్నేండ్లల్ల గీడిదాంక ఎవ్వలు రాలే." అని అక్కడే కూలబడ్డాడు. బాలలక్ష్మి ఇంకో మెట్టు మీద, కొంచెం ఎడంగా కూర్చుంది.

లక్ష్మీరాజం జేబులోంచి జమ్మికుంటకు రాసిన కార్డు తీశాడు. చివర ఖాళీ ఉన్నచోట పెన్సిల్‌తో 'ఏరు దాటిన తరువాత, రాణి మాటలు' అని రాసి, బాలలక్ష్మి అన్న మూడు మాటలూ వరుసగా ఎక్కించాడు. చోటు చాలక చిరునామా మీద కూడా రాశాడు. తరువాత అవతలి ఒడ్డుకు వినిపించేలా అరిచాడు.

"బాలలక్ష్మీ! ఎల్లుండి హుజూరాబాద్‌ల ఆట! రాణి మాటలు ఇంకిన్ని గావాలె, సోంచాయించుకో!"

"ఉన్నయి మామా, శానా ఉన్నయి!" అని బదులు వచ్చింది.

కమలవ్వ అప్పటిదాకా పక్కన పందిరి గుంజను పట్టుకొని నిలబడే ఉంది. పిల్లను పిలుచుకొస్తానని ఎవరికీ చెప్పకుండా ఏట్లోకి దిగింది. తొమ్మిదేళ్ళలో ఎన్ని వందలసార్లు అందులో మునిగిందో ఆమెకే లెక్క తెలియదు, కాని దాని అడుగు ఎన్నడూ చూడలేదు. నడిమధ్యకు పోయి ఆగింది. రాళ్ళను, ఇసుకను చూసింది. పక్కన రాయి మీద తడి గీత ఉంటే, దానికి ఆనుకొని నిలబడి చేత్తో తన ఒంటికి కొలుచుకుంది. నడుము దాకా వచ్చింది.

"గింతేనా?" అంది.

చెప్పులు విప్పి చేత పట్టుకొని, ఇసుక మీద మెల్లగా అవతలి ఒడ్డుకు నడిచింది.