మూడో క్యాను

కోటబొమ్మాళి నుంచి పాల వ్యాను తిరిగొచ్చి మూడో క్యానును ఝాన్సీ గుమ్మంలో దించేసరికి ఊళ్ళో పదిమంది అక్కడే నిలబడి ఉన్నారు. డైరీ వాళ్ళు పాలు వెనక్కి పంపేశారు. మూతకి చీటీ అంటించి ఉంది: యూరియా కలిసింది. పదిరోజుల్లో ఇది మూడోసారి.

"ఇంకెవులమ్మా? ఆ క్యానులో పోసేది రూబీ ఒక్కర్తే కదా," అన్నాడు జగన్నాధం. ఊళ్ళో అందరికంటే ఎక్కువ గేదెలున్న రైతు. నెమ్మదిగానే మాట్లాడతాడు గానీ ఆయన మాట్లాడాక ఇంకొకరు అనడానికేమీ మిగలదు. "మొగుడు బెన్హర్ ఎరువుల కొట్లో హమాలీ. గుప్పెడు యూరియా జేబులో ఏసుకు రావడానికి ఎంతసేపు?"

వ్యానుతో వచ్చిన డైరీ సూపర్‌వైజరు రమేష్‌బాబు ఝాన్సీ చేతికి ఒక చిన్న పెట్టె ఇచ్చాడు. అందులో కాగితం పట్టీలున్నాయి. పాలలో ముంచితే, యూరియా ఉన్న పక్షంలో రంగు తిరుగుతాయి. "ఇంకొక్కసారి వస్తే ఆవిడ పేరు కొట్టేయండి మేడమ్. లేదంటే సెంటరే ఎత్తేస్తారు."

ఝాన్సీ సరేనంది. ఆమె మనసులో రూబీ పేరు ఎప్పుడో కొట్టేసి ఉంది. రుజువు చేతికి చిక్కడమే తరువాయి.

పాల సెంటరు ఝాన్సీ ఇంటి వసారాలోనే నడుస్తుంది. రూబీ వాళ్ళది ఊరి చివర చర్చి పేట. ఆషాఢంలో రెండు గేదెలు కొనుక్కుని ఆమె మొదటిసారి పాలు తెచ్చిన రోజున వరసలో ఉన్నవాళ్ళంతా తమ తమ చెంబుల్లోకి చూసుకున్నారు. "మా పాలల్లో కలిపితే మేం వేరే డైరీకి పోసుకుంటాం," అన్నాడు జగన్నాధం. కులం పేరు ఎవరూ ఎత్తలేదు. ఎత్తనక్కర్లేదు కూడా. ఝాన్సీ తెలివిగా ఒక దారి కనిపెట్టింది: రూబీ అందరూ వెళ్ళాక చివర్న రావాలి, ఆమె పాలకి వేరే క్యాను, మూడోది. అందరికీ మంచి చేశాననుకుని ఆ రోజు సంబరపడింది కూడా.

కోటబొమ్మాళిలో ఆ మూడు క్యాన్లూ ఒకే తొట్టిలో పడతాయి. ఆ సంగతి తెలియనివాళ్ళు ఊళ్ళో లేరు, తలుచుకున్నవాళ్ళూ లేరు.

ఝాన్సీ అత్త లక్ష్మణమ్మ పాతకాలం మనిషి. తెల్లారకుండానే ఆవు మూత్రం, పంచితం అంటుంది దాన్ని, చెంబులో పట్టి గడపల మీద, ధాన్యం గాదె మీద చిలకరిస్తుంది. రూబీ వచ్చి వెళ్ళాక ఆమె నిలబడ్డ చోటా చిలకరించేది. పెద్దావిడతో గొడవెందుకని ఝాన్సీ చూసీ చూడనట్టు ఊరుకునేది.

ఆ మర్నాడు వెలుగు పడుతుండగానే ఝాన్సీ చెప్పాపెట్టకుండా చర్చి పేటకి నడిచింది. రూబీ ఇంటి ముందు మొదట కళ్ళబడింది యూరియా బస్తా. కోసి, కుట్టి, స్నానాల దడికి కట్టిన పాత బస్తా. ఊళ్ళో అందరి దొడ్లోనూ అలాంటి బస్తాలే ఉంటాయి, ఝాన్సీ ఇంట్లోనూ ఉన్నాయి. అయినా ఆ పొద్దున ఆమెకి బస్తా మీది యూరియా అన్న అక్షరాలు తప్ప ఇంకేమీ కనబడలేదు. తర్వాత, గేదె కుడితి తొట్టి పక్కన మూతలేని డబ్బాలో తెల్లటి పొడి. ఇదిగో, దొరికింది! చటుక్కున వంగి వేలితో తీసి నాలిక మీద వేసుకుంది.

"ఉప్పమ్మా," అంది రూబీ, గేదె పక్కన కూర్చున్న చోటినుంచి తల తిప్పకుండా. "కుడితిలోకి. ఇంకేటేటి రుసి సూస్తారో సూడండి. ఇంట్లో కారం కూడా ఉన్నాది."

ఝాన్సీకి సిగ్గేసింది. కానీ అనుమానానికి సిగ్గుండదు. అక్కడే నిలబడి రెండు గేదెల పాలూ పితికేదాకా రెప్పవేయకుండా చూసింది. రూబీ గిన్నె కడిగిన నీళ్ళు చివరి చుక్కదాకా వంచి చూపించింది. బెన్హర్ సైకిలు తీస్తూ ఒకసారి ఆగాడు, చొక్కా జేబులు రెండూ బయటికి లాగి చూపించాడు, సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

"ఇలా తే, నాను పట్టుకుంటాను," అంది ఝాన్సీ. దారిలో ఏదైనా కలుపుతుందేమోనని.

రూబీ ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి బిందె అందించింది. అలా ఝాన్సీ రూబీ ఇంటి పాలబిందెను చంకన పెట్టుకుని ఊరి నడివీధిలో నడిచింది. ప్రేమతో ఏనాడూ చెయ్యని పని ఆ రోజు అనుమానంతో చేసింది. వాకిళ్ళలో ముగ్గులేస్తున్న ఆడవాళ్ళు నోరు తెరిచారు.

వసారాలో ఝాన్సీ తనే పట్టీ ముంచింది. రంగు తిరగలేదు. ఇంకో పట్టీ ముంచింది. అదీ తిరగలేదు. పాలన్నీ తన చేత్తోనే మూడో క్యానులో వంచింది. రూబీ వసారా బయట స్తంభం దగ్గర, రోజూ నిలబడే చోటే నిలబడింది. వీధి మలుపులో వ్యాను హారన్ వినిపిస్తే ఆమె అటు తిరిగింది. రిజిస్టరు తెద్దామని ఝాన్సీ లోపలికి వెళ్ళింది. దేవుడి గూటి పక్కన ఉండే రిజిస్టరు అందుకుని వెనక్కి తిరిగేసరికి తలుపు సందులోంచి అత్త కనిపించింది.

లక్ష్మణమ్మ మూడో క్యాను మూత తీసి, చెంబులోని పంచితం ధారగా లోపల పోస్తోంది. పెదాలు కదులుతున్నాయి, దండం పెట్టుకుంటోంది.

"అత్తా! ఏటి సేస్తన్నావు?"

"అరవకే. కాసింత పంచితం పోసేను. వినాయక సవితి ఎల్లిన మర్నాడు కోటబొమ్మాళి ఎల్లేను కదా, అక్కడ సూసేను. మూడు క్యాన్లూ ఒకే తొట్లో ఓసేస్తన్నారు! పదిమంది పిల్లలు తాగే పాలు. నాకు ఆ రేత్రి ముద్ద దిగనేదు. శుద్ధి సేసి పంపితే ఎవులికీ దోసం ఉండదు కదా. ఆ రూబీకీ ఉండదు, పాపం."

ఝాన్సీ క్యానులో మరో పట్టీ ముంచింది. ఈసారి రంగు తిరిగింది.

వ్యాను గుమ్మంలో ఆగింది. రమేష్‌బాబు దిగాడు. వేడుక చూడ్డానికి జగన్నాధం ఇంకో నలుగురితో వచ్చేశాడు. ఝాన్సీ పట్టీని గుప్పిట్లో నలిపేసింది. కాలు తగిలి క్యాను ఒలికిందని చెప్పొచ్చు. రేపటినుంచి అత్తని కనిపెట్టుకుని ఉండొచ్చు. ఇంటి పరువు దక్కుతుంది, రూబీ పాలూ ఆగవు. కానీ యూరియా రూబీ అన్న పేరు? చర్చి మెట్ల మీద కూడా పిల్లలు ఆ పేరే పెట్టి పిలుస్తున్నారు. ఆ పేరు మొదట తన వసారాలోనే పుట్టింది. అప్పుడు తనూ నవ్వింది.

"ఏటమ్మా, దొరికిందా?" అన్నాడు జగన్నాధం.

"దొరికింది మావా." ఝాన్సీ గుప్పిట విప్పింది. "మా ఇంట్లోనే. రూబీ పాలు మంచివే. అవి మైలని మా అత్త ఇందులో పంచితం పోసింది. పదిరోజులుగా వీలు చిక్కినప్పుడల్లా పోస్తంది. పంచితంలోనూ ఉండేది యూరియాయే. ఆవిడది ఎంత తప్పో నాదీ అంతే. వేరే క్యాను పెట్టింది నాను."

లక్ష్మణమ్మ చెంబు పట్టుకునే లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. కోడలు పదిమందిలో తను తలవంచుకునేలా చేసిందని ఆమెకి ఏడుపొస్తోంది.

జగన్నాధం గొంతు సవరించుకున్నాడు. "పెద్ద మనిసి, తెలక సేసింది. ఈ మాట ఇక్కడితో ఒగ్గేద్దాం."

"నాను సేసేనంటే పేరు కొట్టేయమన్నారు," అంది రూబీ స్తంభం దగ్గర్నించి. గొంతు పెంచలేదు. "ఆవిడ సేస్తే ఒగ్గేద్దామా బావూ?"

రమేష్‌బాబు రిజిస్టరులో ఏదో రాసుకుంటున్నట్టు తల వంచుకున్నాడు.

ఆ సాయంత్రం రూబీ రాదేమో అనుకుంది ఝాన్సీ. వచ్చింది. ఎప్పటిలా చివర్న నిలబడబోతే ఝాన్సీ ముందుకి పిలిచింది. మూడో క్యాను బోర్లించి దొడ్లో పడేసింది. ఉన్నవి రెండే. వరసలో ఇద్దరు తమ చెంబులు పట్టుకుని తిరిగి వెళ్ళిపోయారు. జగన్నాధం గేదెల పాలు ఆ పూట అసలు రాలేదు. రేపు సెంటరు ఉంటుందో ఉండదో ఝాన్సీకి తెలియదు.

రూబీ మొదటి క్యానులో పాలు పోసింది. పోశాక వెళ్ళిపోలేదు. మిగతావాళ్ళు పోసేదాకా చూసి, మూత తనే పెట్టి, దాని మీద అరచెయ్యి ఆన్చి నిలబడింది.

"నువ్వెల్లు రూబీ. నానున్నాను కదా," అంది ఝాన్సీ.

"మీరు నా ఇంటికొచ్చి సూసేరు కదమ్మా. నాను ఏటైనా అన్నానా?" అంది రూబీ. "ఇప్పుడు నన్ను సూడనీండి."

వ్యాను ఆ పూట ఆలస్యంగా వచ్చింది. అది వచ్చేదాకా రూబీ ఆ మూత మీదనుంచి చెయ్యి తియ్యలేదు. తియ్యమని అడిగే మొహం ఝాన్సీకి లేదు.