మెత్తని నేల

తవ్విన రెండు చోట్లా రొమ్ములోతుకే బండ తగిలింది. మూడోదీ బండే అయితే ఊరికిక నీళ్ళ ఆశ లేదు. రాజధాని ఫ్నోంపెన్ నుంచి సాయానికి వచ్చిన కుర్రకారు దగ్గర ఒక్క బావికి సరిపడా సిమెంటు వరలే ఉన్నాయి. ఎల్లుండి పొద్దున్నే వాళ్ళను తీసుకుపోవడానికి లారీ వస్తుంది. అంతర్యుద్ధం అణిగాక సరిహద్దు శిబిరాల నుంచి తెచ్చి ఇక్కడ దించిన నలభై కుటుంబాలూ గేదెలు పొర్లే మడుగు నీళ్ళే తాగుతున్నాయి. పోయిన వారం పక్కింటి పిల్లవాడు విరేచనాలతో పోయాడు. నిన్నటి నుంచి సారోం మనవరాలు చెందాకూ అవే. ఆరేళ్ళ పిల్ల, లేచి కూర్చోలేకపోతోంది.

ఆ కుర్రవాళ్ళకు పెద్ద బుణ్ణా. పాతికేళ్ళుంటాయి. ఇనుప చువ్వతో నేలను పొడుచుకుంటూ ఊరి తూర్పున తాటిచెట్ల దాకా వెళ్ళాడు. అక్కడ చువ్వ ఒక్క పోటుకే మూరెడు దిగింది.

"దొరికిందిరోయ్! నేల అన్నంముద్దలా ఉంది!"

"నీ పట్నం చేతులకు అన్నంముద్ద తప్ప ఇంకేం లొంగుతుందిలే," అని సువోన్ తాత వెక్కిరించాడు. అందరూ నవ్వారు. ఆ ఊళ్ళో జనం నవ్వి ఎన్నాళ్ళయిందో.

సారోం నవ్వలేదు. ఆ నేల ఎందుకు మెత్తగా ఉందో ఆమెకు తెలుసు. మిగతావాళ్ళంతా ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు. ఇక్కడే పుట్టి, చావకుండా మిగిలింది ఆమె ఒక్కతే. పదిహేనేళ్ళ కిందట, అప్పట్లో రాజ్యమేలిన నల్లబట్టల సైనికులు ఆమె భర్త వాన్‌నూ మరికొందరినీ చేతులు కట్టి అటే నడిపించుకెళ్ళారు. చెరుకుతోటలో నక్కి ఆమె అంతా చూసింది. ఆ రోజుల్లో నోరు తెరిస్తే ఆమెనూ అక్కడే పూడ్చేవాళ్ళు. తర్వాత చెప్పుకుందామన్నా ఎవరూ మిగల్లేదు.

ఇప్పుడు చెబితే ఇక్కడ తవ్వరు. తవ్వకపోతే చెందా బతకదు.

"ఏం అవ్వా, మొదలుపెట్టమంటావా?" అన్నాడు బుణ్ణా.

"తవ్వండి నాయనా, తొందరగా తవ్వండి," అంది. ఆ మాట అన్న నోరు పడిపోతే బాగుండుననుకుంది. వాళ్ళు పూడ్చింది కాస్త అటో ఇటో అయి ఉంటుందిలే అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

మధ్యాహ్నానికి నడుంలోతు గోతిలో బుణ్ణా పార ఆగిపోయింది. మట్టిలోంచి చివికిన గళ్ళ తువ్వాలు, దాన్ని అంటుకుని మనిషి ఎముక. కుర్రవాళ్ళు పారలు వదిలేసి పైకెక్కేశారు.

"పూడ్చేయండి," అని సువోన్ తాత సారోం వైపు తిరిగాడు. "నువ్వు ఈ ఊరిదానివే కదే. నీకు తెలీదా?"

"తెలుసు."

"తెలిసే తవ్వమన్నావా?" అతని భార్య నోమ్ మీదమీదికొచ్చింది. "మా పిల్లల చేత పీనుగుల నీళ్ళు తాగిద్దామనుకున్నావా, పాపిష్టిదానా!"

"నా మొగుడున్నాడే అందులో! అయినా తవ్వమన్నాను. నా పిల్ల చచ్చిపోతోందే, నన్నేం చెయ్యమంటావు?"

సారోం బుణ్ణా చెయ్యి పట్టుకుంది. "వీళ్ళ అడుగున నీళ్ళున్నాయా, నిజం చెప్పు."

"మన్ను చెమ్మగానే ఉందవ్వా. కానీ ఎవరు దిగుతారు?"

ఆమె లుంగీ ఎగదోపుకుని, వడ్లగంప పట్టుకుని దిగింది. ముందుపన్ను విరిగిన వాన్‌ను ఇట్టే గుర్తుపడతాననుకుంది. తొమ్మిది పుర్రెలు బయటపడ్డాయి; నాలుగింటికి ముందుపళ్ళే లేవు. ఎవరిని పట్టుకుని ఏడవాలో తెలియక ఒక్కొక్కరితోనూ అదే మాట అంది. "కోప్పడకయ్యా. కాస్త జరుగు. పిల్లకి దాహమేస్తోంది." కాసేపటికి బుణ్ణా కూడా దిగాడు. సాయంత్రం భిక్షువు వచ్చి మంత్రాలు చదివి, గంపలను గుడికి మోయించుకుపోయాడు.

మర్నాడు ఇంకా ఎనిమిది మూరలు తవ్వి వరలు దించారు. నీళ్ళు పడ్డాయి. ఆ మరుసటి పొద్దున లారీ వచ్చింది, కుర్రవాళ్ళు వెళ్ళిపోయారు. బావి దగ్గరికి ఒక్క మనిషీ రాలేదు. సారోం ఒక్కతే తోడి, కాచి, కాస్త ఉప్పూ పంచదారా కలిపి చెంచాతో చెందా నోట్లో పోసింది. పిల్ల మింగింది. కళ్ళు మాత్రం ఇంకా గుంటలు పడే ఉన్నాయి. సారోం మాత్రం ఆ నీళ్ళు చుక్క ముట్టలేదు. చచ్చేదాకా మడుగు నీళ్ళే తాగాలని ఒట్టు పెట్టుకుంది.

పొద్దెక్కాక నోమ్ బిందె పట్టుకుని వచ్చింది. వెనక పదిమంది ఆడవాళ్ళు, ఖాళీ బిందెలతో.

"మా మనవడికీ మొదలైంది," అంది నోమ్, ఆమె ముఖం చూడకుండా. "ముందు నువ్వు తాగు. నేను చూడాలి."

సారోం చేద లాగింది. దోసిలి పట్టి కళ్ళు మూసుకుంది. చేదుగానైనా ఉండాలని, కనీసం ఏదో వాసనైనా రావాలని ఆమె మనసు కొట్టుకుంది. నీళ్ళు చల్లగా, తియ్యగా ఉన్నాయి. రెండు రోజులుగా మట్టిలో ఎండిన గొంతు; ఆపుదామన్నా ఆగక గటగటా తాగేసింది.

"ఎలా ఉన్నాయే?"

"బాగున్నాయే," అంటూ సారోం అక్కడే కూలబడి బావురుమంది. "చాలా బాగున్నాయే నోమ్!"

నోమ్ వంగి చేద అందుకుంది.