ఫ్యాను ముఖానికా, కాళ్ళకా

మా ఆసుపత్రిలో జబ్బు నయం చెయ్యరు. నొప్పి తగ్గిస్తారు, ఆయాసం తగ్గిస్తారు, దుప్పటి శుభ్రంగా మారుస్తారు. ఆ సంగతి గుమ్మంలోనే తెలిసిపోతుంది, ఎందుకంటే ఇక్కడ ఎవరూ పరుగెత్తరు. నాకు ఊపిరితిత్తుల్లో గడ్డ. ముప్పై ఎనిమిదేళ్ళు లారీ తోలినవాణ్ణి, ఇప్పుడు మంచం మీంచి కుర్చీలోకి మారాలంటే మధ్యలో రెండుసార్లు ఆగాలి.

ఓ సోమవారం పొద్దున ఒకావిడ వచ్చింది. చేతిలో అట్ట, అట్టకి బిగించిన కాగితాలు. నర్సే గానీ మందులివ్వదు. పరిశోధనలోకి రోగుల్ని రమ్మని అడగడం ఆవిడ పని. కాగితాలమ్మ అని పేరు పెట్టాను. కోప్పడలేదు.

"తాతగారూ, చిన్న ఫ్యాను గాలి ముఖానికి తగిలితే ఆయాసం కాస్త సర్దుకుంటుందేమో చూస్తున్నాం. సగం మందికి ముఖానికి పెడతాం, సగం మందికి కాళ్ళకి. ఎవరికి ఏదో అంటించిన కవర్లో ఉంటుంది. మీరు కోరుకోవడానికి లేదు, నాకూ తెలీదు. దీనివల్ల జబ్బు తగ్గదు. మీకు అసలు ఉపయోగమే ఉండకపోవచ్చు. వద్దనిపిస్తే ఏ రోజైనా మానెయ్యొచ్చు."

"ఇంత దిక్కుమాలిన బేరం నా జన్మలో వినలేదు తల్లీ. ఎవరైనా ఒప్పుకుంటున్నారా?"

"పదిమందిలో ఏడుగురి దగ్గరికి ఇంటివాళ్ళే నన్ను రానివ్వరు. మిగతా ముగ్గురిలో ఒక్కరు సరేనంటే ఆ పూట నాకు అన్నం సయిస్తుంది." కుర్చీ దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించింది. "ఇది నయంకాని జబ్బున్నవాళ్ళనే అడుగుతున్నాం. మీ సంగతి మీకు తెలుసు కదా?"

"నాకు తెలుసు. నాకు తెలుసని మా అమ్మాయికి తెలీదు. చెప్పకు."

"నేను చెప్పను. అది మీరే చెప్పుకోవాలి" అంది.

నాకెందుకో ఆ ఫ్యాను మీద మనసైంది. లారీ తోలే రోజుల్లో మేం దాటొచ్చిన రోడ్డు కొట్టుకుపోయి ఉంటే, ఎదురొచ్చే బండికి లైటు కొట్టి చెప్పేవాళ్ళం. వాడెవడో మనకి తెలీదు, మళ్ళీ కనబడడు. అయినా కొట్టేవాళ్ళం. ఇదీ అలాంటిదే అనిపించింది.

కాకపోతే ఒక నియమం ఉంది. ఆవిడ చెప్పిందంతా నేను నా మాటల్లో తిరిగి చెప్పాలి. అర్థమైందని ఆవిడకి నమ్మకం కుదరాలి, ఇంటివాళ్ళు ఒకరు సాక్షిగా ఉండాలి. అప్పుడే సంతకం.

సాక్షి అంటే మా చిట్టి. పోస్టాఫీసులో పని, మధ్యాహ్నం బువ్వ మానేసి నా దగ్గరికి వస్తుంది. నాకు జబ్బు సంగతి చెప్పొద్దని డాక్టరు చేత ఒట్టేయించుకుంది. "వచ్చే నెల ఇంటికెళ్ళిపోదాం నాన్నా" అని రోజూ అంటుంది. "లారీ తెప్పించవే, నేనే తోలుకొస్తా" అని రోజూ అంటాను. అబద్ధాల్లో అది నా కూతురే, అనుమానం లేదు.

మంగళవారం చిట్టి ఎదురుగా మొదలెట్టాను. "గాలి అంటే ఏమనుకున్నావు తల్లీ? ఓసారి కొండ దిగువన డీజిలు అయిపోయింది. వెనకనుంచి గాలి తోసింది చూడూ, లోడు లారీ న్యూట్రల్లో కొండెక్కేసింది! పైన టీకొట్టువాడు చేతిలో గ్లాసు వదిలేసి దణ్ణం పెట్టాడు. అలాంటి గాలి ముఖానికి పెడితే..."

చిట్టి నవ్వింది. కాగితాలమ్మ కూడా నవ్వింది, కలం మాత్రం కదల్లేదు. "కథ బావుంది తాతగారూ. నేను చెప్పింది అది కాదు."

బుధవారం కవరు సంగతి చెప్పాను, కాళ్ళ సంగతి చెప్పాను, మానెయ్యొచ్చనీ చెప్పాను. పాఠం అప్పజెప్పినట్టు చెప్పాను. "మిమ్మల్నే ఎందుకు అడిగాను?" అందావిడ. చిట్టి వంక చూశాను. "నా అందం చూసి" అన్నాను.

వెళ్ళేముందు ఆవిడ నా పక్కన ఆగింది. "శుక్రవారంతో చేర్చుకోవడం ఆపేస్తున్నాం. మీరు చేరకపోయినా ఏం పర్లేదు, నిజంగా. బలవంతం అనుకోకండి."

బలవంతం చేసుంటే సుఖంగా ఉండేది. తిట్టి పంపించేసేవాణ్ణి.

శుక్రవారం మధ్యాహ్నం చిట్టి మంచం అంచున కూర్చుని నా గోళ్ళు తీస్తోంది. కాగితాలమ్మ వచ్చి కూర్చుంది, ఏమీ అడగలేదు. నేను నోరు తెరిచాను. మూడు కోతలు నాలుక చివరిదాకా వచ్చాయి. ఊపిరి చాలక అవి అక్కడే ఆగాయి, లేకపోతే నేనే ఆపాను.

"నాకున్న జబ్బు నయం కాదు. నేను పోతాను, ఇంకెన్నాళ్ళో పట్టదు. అందుకే నన్ను అడిగావు. ఈ ఫ్యాను నన్ను బతికించదు. నా తర్వాత వచ్చేవాడికి పనికొస్తుందేమో చూడటానికి. నాకిష్టమే."

గోళ్ళు కత్తిరించే చప్పుడు ఆగింది.

కాగితాలమ్మ గళ్ళల్లో టిక్కులు పెట్టి, నా చేత సంతకం చేయించి, అట్ట చిట్టి ముందుకి జరిపింది. చిట్టి సంతకం వంకరగా వచ్చింది. పోస్టాఫీసులో అయితే ఆ సంతకం చెల్లనిచ్చేది కాదు.

కవరు చింపారు. కాళ్ళకి.

"చూశావా, నా అదృష్టం ఎప్పుడూ మోకాళ్ళ దిగువే" అన్నాను. కాగితాలమ్మ ఫ్యాను నా పాదాల దగ్గర బిగించి, మీట నొక్కి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

"ఎప్పట్నుంచి తెలుసు?" అంది చిట్టి.

"నువ్వు వరండాలో డాక్టరుతో గుసగుసలాడిన రోజు నుంచి. నీకు గుసగుసలాడటం చిన్నప్పట్నుంచీ రాదే. నాలుగు గదులకి వినబడింది."

నవ్వబోయింది, మధ్యలో అది ఏడుపైపోయింది. నేను జోకేమీ వెయ్యలేదు. నాకది లారీని కొండెక్కించినంత పని. ఫ్యాను తిరుగుతోంది. వేళ్ళ సందుల్లోకి చల్లగా వస్తోంది గాలి.

కాసేపటికి ముక్కు తుడుచుకుని, గోళ్ళ కత్తెర మళ్ళీ తీసింది. నా ఎడమ చెయ్యి పట్టుకుని, వేలి వంక చూస్తూ అడిగింది.

"భయంగా ఉందా నాన్నా?"

"పగలు లేదు."

చిటికెన వేలి గోరు తీసింది. ఉంగరపు వేలిది తీసింది.

"అయితే రాత్రిళ్ళు ఇక్కడే పడుకుంటాలే. ఇంటి నుంచి చాప తెచ్చుకుంటాను" అంది.

"వద్దులే" అనడానికి నోరు తెరిచి, "తెచ్చుకో" అన్నాను.