కోలన్ దగ్గర ఆగినవాడు

మా ఆయన అమోసు కోలారు గోల్డ్‌ఫీల్డ్స్‌లో బతుకంతా ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. బడి వదిలింది గానీ ఎర్ర పెన్ను వదల్లేదు. ఇంటికి పెళ్లిపత్రిక వచ్చినా ముందు తప్పులు దిద్ది, ఆ తర్వాతే తేదీ చూస్తాడు.

అలాంటి మనిషికి, కోలారు పక్కన తమక ఫ్యాక్టరీల్లో మెషీన్ల పని చేసే డెన్నిస్ వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు, మా అమ్మాయి జూలీని పెళ్లి చేసుకుంటానని. పాపం, గౌరవంగా ఉంటుందని ఇంగ్లీషులోనే రాశాడు. మొదటినుంచి చివరిదాకా ఎక్కడా ఒక్క ఫుల్‌స్టాప్ చుక్క లేదు.

"ఆగేది తెలీనోడికి పిల్లనెట్లా ఇచ్చేది?" అన్నాడు ఈయన.

జూలీ అన్నం మానేసింది. నాకు ఒళ్లు మండింది. "చుక్క కోసం కూతురి గొంతు కోస్తావా?" అని అడిగాను.

"ఊరుకో ఇసబెల్లా," అన్నాడు గానీ ఒక మెట్టు దిగాడు. వచ్చే ఆదివారం చర్చిలో ఇంగ్లీషు బైబిల్ పాఠం డెన్నిస్ చదవాలి. సరిగ్గా చదివితే పెళ్లి, లేకపోతే లేదు.

వారమంతా మా వసారాలో ట్యూషన్.

"సెమీకోలన్ అంటే మన మైనింగ్ లైన్ ఇండ్లప్పా. రెండూ నిండు ఇండ్లే, నడిమి గోడ ఒకటే. ఊపిరి తీసుకో, పక్కింటికి పో. కోలన్ అట్ల కాదు. అసలు సంగతి ఇంగా వెనకాల ఉండాది. ఆగి, తలెత్తి జనాన్ని చూడు. వాళ్లు ఎదురుచూసినాకే చెప్పు."

"సరే సార్," అనేవాడు డెన్నిస్ చెమట తుడుచుకుంటూ.

ఆదివారం వచ్చింది. డెన్నిస్ కామాలు దాటాడు, సెమీకోలన్లు దాటాడు. జూలీ నా చెయ్యి నలిపేస్తోంది. చివరి వాక్యంలో కోలన్ వచ్చింది. నేర్పినట్టే ఆగి, తలెత్తాడు.

మేమంతా మరిచిన సంగతి ఒకటుంది. మా చర్చిలో చదివేవాడు తలెత్తితే పాఠం అయిపోయినట్టే. కీబోర్డు వాయించే క్లెమెంట్ దానికోసమే కాచుకుని ఉంటాడు. తల లేచిందో లేదో కీర్తన అందుకున్నాడు. చర్చి మొత్తం లేచి పాడింది. నేనూ లేచాను, పాడు అలవాటు!

లేవనిది మా ఆయన ఒక్కడే. వాక్యం ముగియలేదు కదా! డెన్నిస్ కూడా కదల్లేదు. కోలన్ మీద వేలు పెట్టి, కీర్తన చివరి చరణం దాకా అలాగే నిలబడ్డాడు. అందరూ కూర్చున్నాక, మిగిలిన ముక్క నిదానంగా చదివి పుస్తకం మూశాడు.

బయట మెట్ల మీద ఈయన గొంతు సవరించుకున్నాడు. "జూలీని నీకే ఇస్తానప్పా," అని తలెత్తి చూశాడు.

నేను ఏడ్చేశాను. క్లెమెంట్ చప్పట్లు కొట్టాడు. డెన్నిస్ మాత్రం చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏమప్పా, సంతోషం లేదా?"

"ఉండాది సార్. మీరు తలెత్తినారు కదా. ఇంగా ఏమో చెప్తారని కాచుకోనుండాను."

నిజంగానే ఉంది. పెళ్లయినా ప్రతి శనివారం ట్యూషన్‌కు రావాలని షరతు పెడతానని ఈయన పొద్దున్నే నాతో అన్నాడు. ఇప్పుడు నోరు తెరిచి, నన్ను చూసి, మూశాడు.

"ఇంగేం లేదప్పా. ఫుల్‌స్టాప్," అంటూ అల్లుణ్ణి దగ్గరికి లాక్కున్నాడు.